ఒక తోపుడుబండి, రెండు పారలు

ఉద్యోగం పని మీద స్కాట్లండులో ఉన్న రెండేళ్లలో నేను సెయింట్ ఆండ్రూస్‌కు మూడుసార్లు వెళ్లాను. మూడోసారి వెళ్లింది ఆదివారం నాడు. గోల్ఫ్ ఆటకు పుట్టినిల్లని లోకమంతా చెప్పుకునే ఓల్డ్ కోర్సు మీద ఆ రోజు ఒక్క ఆటగాడు కూడా లేడు. పిల్లలు గడ్డి మీద పరుగులు పెడుతున్నారు, ముసలివాళ్లు కుక్కలను వెంటబెట్టుకుని తిరుగుతున్నారు, స్విల్కన్ వాగు మీది చిన్న రాతి వంతెన దగ్గర ఒక కుటుంబం వంతులవారీగా ఫోటోలు దిగుతోంది. ఆ నేల ఊరి ఉమ్మడి సొత్తు కాబట్టి ఎవరైనా నడవవచ్చునని నాకు తెలుసు గానీ, ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు నెలల ముందు పేరు నమోదు చేసుకుని వచ్చే మైదానాన్ని వారంలో ఒక రోజు పూర్తిగా ఆపేస్తారని తెలియదు. ఎందుకని అడిగితే, అక్కడ కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన టామ్ మోరిస్ పేరు చెప్పాడు. ఆడేవాళ్లకు విశ్రాంతి అక్కర్లేకపోయినా నేలకు కావాలని ఆ మోరిస్ అనేవాడట.

టామ్ మోరిస్ చర్చి పెద్దలలో ఒకడు, దైవభక్తి గలవాడు, ఆదివారం పని చేయకూడదన్న ఆచారాన్ని గట్టిగా పట్టుకున్న ఊరిలో పుట్టి పెరిగినవాడు. అయినా జనం గుర్తు పెట్టుకున్న కారణంలో దేవుడి ప్రస్తావన లేదు, మట్టి ప్రస్తావన ఉంది. ఆ తేడా నా మనసులో నాటుకుపోయింది. రోజూ నేలను తవ్వి, పూడ్చి, తడిపి, దాని అలసట చూసినవాడికే అటువంటి మాట తోస్తుంది. ఆ మాట పట్టుకుని ఆ మనిషి గురించి దొరికినంత చదివాను. ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: గోల్ఫ్ చరిత్ర ఆయనను ఓపెన్ అనే పెద్ద పోటీని నాలుగుసార్లు గెలిచిన విజేతగా, తెల్లగడ్డపు పితామహుడిగా గుర్తు పెట్టుకుని, చేతిపనివాడిగా మరిచిపోతోంది. ఆ మరపు వల్ల ఆయన ఆట కూడా మనకు సరిగా అర్థం కాకుండా పోతోంది.

ఇంగ్లీషులో ‘ప్రొఫెషనల్’ అనే మాట వినగానే ఈ రోజుల్లో మన కళ్లముందు కోట్ల రూపాయల ఒప్పందాలు, ప్రకటనలు, సొంత విమానాలు కదులుతాయి. తెలుగులో మనం ‘వృత్తి క్రీడాకారుడు’ అంటాం. ఈ విషయంలో మన మాటే నిజానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. వృత్తి అనగానే మనకు చేతివృత్తులు, కులవృత్తులు గుర్తుకొస్తాయి. కమ్మరి కొలిమి, కుమ్మరి సారె, సాలెల మగ్గం గుర్తుకొస్తాయి. 19వ శతాబ్దం నడుమ స్కాట్లండులో గోల్ఫ్ ప్రొఫెషనల్ అంటే సరిగ్గా అటువంటి మనిషే. బంతులు చేసి, కర్రలు చెక్కి, పెద్దమనుషుల వెంట వారి కర్రలు మోసి, గుంటలు తవ్వి, గడ్డిని చూసుకుని, ఆ మధ్య మధ్య పందేలు కూడా ఆడి బతికేవాడు. ఆటకు సొంతదారులు పెద్దమనుషులు, అంటే డబ్బు తీసుకోకుండా ఆడగలిగిన స్తోమత గలవారు. క్లబ్బు భవనం వారిది. వృత్తి ఆటగాడి చోటు దాని గడప బయట.

టామ్ 1821 జూన్ 16న అదే ఊరిలో ఒక నేతపనివాడి ఇంట పుట్టాడు. మా తాతగారు చీరాల వైపు గుంటమగ్గం మీద నేసినవారు. షావుకారు ఇచ్చిన నూలును మజూరీకి నేసి, నేసిన చీర మీద తన పేరు లేకుండానే అప్పగించి వచ్చినవారు. అందుకే ‘నేతపనివాడి కొడుకు’ అన్న రెండు మాటలను నేను తేలిగ్గా దాటిపోలేకపోయాను. ఆవిరి మిల్లులు చేతిమగ్గాల మెడ మీద కూర్చున్న కాలమది. ఆ ఇంటి పిల్లవాడు మగ్గం గుంటలోకి దిగలేదు. సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బల మధ్య, పెద్దమనుషులు ఆడుకునే ఆట దగ్గర కూలి వెతుక్కున్నాడు.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక సంగతి ఉంది. టామ్ చదువుకున్న బడి పేరు మద్రాస్ కాలేజీ. స్కాట్లండులో మద్రాసు ఏమిటని నాకూ ఆశ్చర్యమేసింది. సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన ఆండ్రూ బెల్ అనే పాద్రీ 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమంలో బడి నడిపాడు. అక్కడ ఉండగా మలబారు పిల్లలు ఒక వీధిబడిలో ఇసుక మీద వేళ్లతో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చదువు చెప్పే పద్ధతిని తన బడిలో అమలు చేశాడు. తిరిగి వెళ్లాక దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు పెట్టి ప్రచారం చేశాడు. ఆయన ఇచ్చిన సొమ్ముతో సొంత ఊరిలో 1833లో తెరిచిన బడికి అందుకే ఆ పేరు వచ్చింది. మన ముత్తాతలు ఇసుకలో ఓనమాలు దిద్దిన పద్ధతి సముద్రాలు దాటి ఒక నేతపనివాడి కొడుకుకు చదువై అందిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పిల్లవాడు తరవాత జీవితమంతా ఇసుకతోనే గడిపాడు.

పద్నాలుగో ఏట టామ్ అలన్ రాబర్ట్‌సన్ దగ్గర పనిలో చేరాడు. నాలుగేళ్లు శిష్యరికం, మరో ఐదేళ్లు కూలికి పని. రాబర్ట్‌సన్ అప్పటికి దేశంలో అందరికంటే గొప్ప ఆటగాడని పేరు పొందినవాడు. ఆయన పని మాత్రం బంతులు చేయడం, అదీ సొంత ఇంటి వంటగదిలో.

ఆ బంతి ఎలా తయారయ్యేదో కొంత వివరంగా చెప్పాలి. ఆ పని కళ్లకు కట్టకపోతే ఆ మనుషులు ఎవరో మనకు తెలియదు. పటిక నీళ్లలో నానబెట్టిన ఎద్దు తోలును మూడు నాలుగు ముక్కలుగా కోసి, సంచిలా కుట్టి, కుట్టు లోపలికి పోయేటట్టు తిరగేసి, వేలు దూరేంత సందు మాత్రం వదిలేవారు. ఒక పొడుగాటి దొరల టోపీ నిండేటన్ని బాతు ఈకలను ఉడకబెట్టి మెత్తబరిచి, గుప్పెట్లో ఇమిడే ఆ తోలు సంచిలోకి ఎక్కించాలి. మొదట పుల్లతో కూరుతారు, తరవాత ఇనుప చువ్వతో. చివరికి చేతి బలం చాలక, చువ్వ అడ్డపిడిని రొమ్ముకు ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి నెడతారు. సందు కుట్టేసి ఆరబెడితే, ఆరేకొద్దీ తోలు బిగుస్తుంది, లోపలి ఈకలు విచ్చుకుంటాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి నొక్కే ఆ రెండు బలాల మధ్య బంతి రాయిలా గట్టిపడుతుంది. దాన్ని సుత్తితో తట్టి గుండ్రం చేసి తెల్లరంగు పూస్తారు. అనుభవం ఉన్నవాడు ఎంత కష్టపడినా రోజుకు మూడో నాలుగో చేయగలిగేవాడు. తడి తోలు వాసన, గాలిలో తేలే ఈకల నూగు ఊపిరితిత్తుల్లోకి పోయి ఆ పనివాళ్లు దగ్గుతో, ఉబ్బసంతో తీసుకునేవారు. 1844లో రాబర్ట్‌సన్ వంటింట్లో 2,456 బంతులు తయారయ్యాయి. ఆదివారాలు తీసేసి లెక్క వేస్తే రోజుకు దాదాపు ఎనిమిది. ఇద్దరు ముగ్గురు మనుషులు ఏడాది పొడవునా రొమ్ములు అరిగేలా నెట్టిన లెక్క అది.

బంతి ఎందుకు ఎగురుతుందో, తడిస్తే ఎందుకు బరువెక్కుతుందో, ఒక పక్క కుట్టు లావైతే గాలిలో ఎటు ఒరుగుతుందో ఆ చేతులకు తెలుసు. కర్రతో కొట్టే ముందే ఆ బంతి లోపల ఏముందో తెలిసినవాడి ఆటకూ, కొనుక్కొచ్చిన బంతితో ఆడేవాడి ఆటకూ తేడా ఉండి తీరాలి. ఆ కాలపు గొప్ప ఆటగాళ్లలో చాలామంది బంతులో కర్రలో చేసేవారే కావడం కాకతాళీయం అనుకోను. మా తాతగారు దుకాణంలో చీర అంచును బొటనవేలితో ఒక్కసారి రుద్ది చూసి, ఎన్నో నంబరు నూలో, పేక ఎక్కడ వదులైందో చెప్పేవారు. ఆ రుద్దడంలో ఉన్న జ్ఞానం లాంటిదే ఇదీ.

1848 ప్రాంతంలో గట్టా పెర్చా బంతి వచ్చింది. మలయా అడవుల్లో పెరిగే ఒక చెట్టు పాలు అది. వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, పగిలితే మళ్లీ కరిగించి చేసుకోవచ్చు. ఇండియా నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు వచ్చిన ఒక విష్ణుమూర్తి విగ్రహం చుట్టూ దెబ్బ తగలకుండా ఈ పదార్థాన్ని పొదిగి పంపారని, దానితోనే మొదటి బంతి చేశారని ఆ ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా ఆ బంతి ధర మాత్రం ఈకల బంతితో పోలిస్తే ఎంతో తక్కువ, వాన నీళ్లకు పాడయ్యేది కాదు. రాబర్ట్‌సన్‌కు ప్రమాదం వెంటనే అర్థమైంది. ముళ్లపొదల్లో దొరికిన గట్టా బంతులను పిల్లల దగ్గర కొని తగలబెట్టేవాడట. తన దగ్గర పనిచేసేవారు వాటితో ఆడకూడదని మాట తీసుకున్నాడు. ఒకరోజు టామ్ ఒక పెద్దమనిషితో ఆడుతూ ఉండగా ఈకల బంతులు అయిపోయాయి. ఆ పెద్దమనిషి ఇచ్చిన గట్టా బంతితో ఆట సాగించాడు. అది రాబర్ట్‌సన్ కంటపడింది. మాటా మాటా పెరిగి, ఇన్నేళ్ల గురుశిష్య బంధం అక్కడితో తెగిపోయింది.

చాలామంది ఈ ఘట్టాన్ని మొండి పాతకాలపువాడికీ, ముందుచూపున్న కుర్రవాడికీ నడిచిన తగవుగా చెబుతారు. నాకు అలా చెప్పబుద్ధి కాదు. మరమగ్గం వచ్చినప్పుడు చేతిమగ్గం వారి ముఖాలు ఎలా ఉంటాయో విన్నవాడిని, చూసినవాడిని. రాబర్ట్‌సన్ మంటలో వేసింది తన అన్నం తీసేసే వస్తువును. టామ్‌కు పెళ్లాం ఉంది, పిల్లలున్నారు; నాలుగేళ్ల కొడుకును 1850లో పోగొట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేను అనను. తరవాత రాబర్ట్‌సన్ కూడా గట్టా బంతులే చేశాడు. ఇద్దరూ మళ్లీ కలిసి ఆడారు కూడా.

ఆ ఇద్దరూ జోడీగా ఆడితే ఓటమి లేదని పేరు. 1849లో మసెల్‌బరాకు చెందిన డన్ సోదరులతో మూడు మైదానాల మీద ఆడిన పందెంలో, నార్త్ బెరిక్‌లో చివరి ఎనిమిది గుంటలు మిగిలి ఉండగా నాలుగు వెనకబడి ఉండి కూడా గెలిచారు. పందెం సొమ్ము 400 పౌండ్లు. ఇంత సొమ్ము ఆడినవారిది కాదు, వెనక నిలబడి కాసిన పెద్దమనుషులది. పదిహేనేళ్ల తరవాత టామ్‌కు సెయింట్ ఆండ్రూస్‌లో స్థిరపడిన ఏడాది జీతం 50 పౌండ్లని గుర్తుంచుకుంటే, ఒక్క పందెంలో ఇతరులు ఒడ్డిన సొమ్ము ఆయన ఎనిమిదేళ్ల జీతమని తెలుస్తుంది. మన కోడిపందేలలో పుంజు గెలుస్తుంది, డబ్బు గట్టు మీద చేతులు మారుతుంది. పోలిక మోటుగా ఉందని తెలిసే రాస్తున్నాను.

1851లో కర్నల్ ఫెయిర్లీ అనే ఆయన టామ్‌ను పడమటి తీరంలోని ప్రెస్ట్‌విక్‌కు తీసుకుపోయాడు. అక్కడ దిబ్బల మధ్య పన్నెండు గుంటల మైదానం వేసి, దాని బాగోగులు చూస్తూ, బంతులు, కర్రలు చేసి అమ్ముతూ టామ్ పద్నాలుగేళ్ల దాకా ఉన్నాడు. 1859లో రాబర్ట్‌సన్ కామెర్లతో చనిపోవడంతో ఇక దేశంలో మేటి ఎవరన్న ప్రశ్న వచ్చింది. అది తేల్చడానికి 1860 అక్టోబర్ 17న ప్రెస్ట్‌విక్‌లో ఒక పోటీ పెట్టారు. అదే ఇప్పటి ఓపెన్ చాంపియన్‌షిప్ మొదలు.

ఆ రోజును కొంచెం దగ్గరగా చూడాలి. ‘మర్యాదస్తులైన కేడీలను’, అంటే కర్రలు మోసేవారిని, పంపమని క్లబ్బులకు ఉత్తరాలు రాశారు, ఆటగాళ్లను అన్న మాట వాడలేదు. ఎనిమిది మంది వచ్చారు. వాళ్ల బట్టలు పెద్దమనుషుల కంటికి ఇంపుగా లేవని, ఎగ్లింటన్ ప్రభువు ఎస్టేటులో కూలివాళ్లు తొడుక్కునే గళ్ల కోట్లు వాళ్లకు తొడిగించారు. దొంగ లెక్కలు చెబుతారేమోనని ఒక్కొక్క జోడీ వెంట ఒక్కొక్క పెద్దమనిషిని కాపలాగా పంపారు. పన్నెండు గుంటల మైదానాన్ని ఒకే రోజు మూడుసార్లు చుట్టి వచ్చాక విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచాడు, టామ్ 176తో రెండోవాడయ్యాడు. గెలిచినవాడికి దక్కింది 25 పౌండ్ల ఖరీదు చేసే ఎర్రతోలు బెల్టు, అదీ ఏడాదిపాటు ఉంచుకోవడానికి మాత్రమే. నగదు పైసా లేదు. ప్రపంచంలోనే పురాతనమైన గోల్ఫ్ పోటీ గొప్పగా మొదలైందని రాసే ప్రతివారూ ఆ గళ్ల కోట్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలని నా కోరిక.

తరవాతి ఏడాది టామ్ గెలిచాడు. 1862లో మళ్లీ గెలిచాడు, రెండోవాడి కంటే 13 దెబ్బలు తక్కువతో. పెద్ద పోటీలలో అంత తేడాను దాటడానికి 2000 సంవత్సరంలో టైగర్ వుడ్స్ దాకా ఆగవలసి వచ్చింది. 1864లో గెలిచినప్పుడు మొదటిసారిగా విజేతకు నగదు ఇచ్చారు, 6 పౌండ్లు. 1867లో నాలుగోసారి గెలిచే నాటికి ఆయనకు 46 ఏళ్లు. ఓపెన్ గెలిచినవారిలో అంతకంటే పెద్దవాడు ఇప్పటికీ లేడు. గెలుపుల గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. ఇవి ఏ పట్టికలోనైనా దొరుకుతాయి.

పట్టికలో దొరకనిది 1864లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ అనే పెద్దమనుషుల గోల్ఫ్ క్లబ్బు ఆయనను సొంత ఊరికి తిరిగి పిలిపించుకున్నప్పటి కబురు. ఏడాదికి 50 పౌండ్ల జీతం, మైదానం ఖర్చులకు మరో 20. గ్రీన్లను, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి పొట్టిగడ్డి జాగాలను, బాగుచేయడం, గుంటలు తవ్వడం ఆయన పని. బరువు పనులకు వారంలో రెండు రోజులు ఒక మనిషి సాయం. ఉద్యోగంలో చేరిన గుర్తుగా సభ్యుల ముందు ఆయన చేతికి అప్పగించినవి ఒక తోపుడుబండి, రెండు రకాల పారలు. అప్పటికి మూడుసార్లు దేశంలోకెల్లా మేటిగా నిలిచిన ఆటగాడికి జరిగిన సత్కారం అది. ఇది అవమానమని మొదట నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం ఆ బండి పట్టుకుని నేరుగా మైదానంలోకి నడిచాడు. ఆ తరవాత దాదాపు నలభై ఏళ్లు దాన్ని వదల్లేదు. చదివేకొద్దీ నా కోపం మరో వైపు తిరిగింది. పార ఇవ్వడంలో చిన్నతనం లేదు. పార పట్టినవాడు లోపలికి రాకూడదనడంలో ఉంది.

ఆయన రాకముందు ఆ మైదానం ఎలా ఉండేదో ఊహించడం నేటివారికి కష్టం. 1744 నాటి తొలి నియమాల ప్రకారం ఒక గుంటలో బంతి వేశాక దాని పక్కనే, ఒక కర్ర పొడవు దూరంలోనే, తరవాతి దెబ్బకు బంతి నిలపాలి. నిలపడానికి చిటికెడు ఇసుక కావాలి. ఆ ఇసుకను గుంటలోంచే చేత్తో తీసేవారు. రోజు గడిచేకొద్దీ గుంట లోతై మోచేయి దాకా దిగేది, అంచులు విరిగేవి, చుట్టూ గడ్డి తొక్కుడుపడి చచ్చేది. మొదటి దెబ్బ కొట్టే చోటును గ్రీన్ నుంచి వేరు చేసినవారిలో టామ్ ముఖ్యుడు. గుంట అంచు విరగకుండా లోపల లోహపు కట్టు వేశాడు. కంప నరికించి దారి వెడల్పు చేశాడు. 1870 ప్రాంతంలో మొదటి గుంటకు కొత్త గ్రీన్ వేశాడు. దాని వల్లే ఓల్డ్ కోర్సును ఇప్పుడు ఆడే దిశలో ఆడడం వీలైంది. చివరిదైన పద్దెనిమిదో గ్రీన్ ఆయన చేతుల మీదుగా లేచింది.

అన్నింటికంటే గొప్ప పని ఇసుక చల్లడం. ప్రెస్ట్‌విక్‌లో ఉన్నప్పుడు ఒకసారి తోపుడుబండి ఒరిగి ఇసుక గ్రీన్ మీద పడిందని, కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే గడ్డి ఒత్తుగా, పచ్చగా లేచిందని చెబుతారు. ఇసుక పడిన చోట నీరు నిలవదు, వేళ్లకు గాలి అందుతుంది, చిన్న చిన్న పల్లాలు పూడి బంతి నున్నగా దొర్లుతుంది. సెయింట్ ఆండ్రూస్‌లో తన సహాయకుడు హనీమన్‌ను ఇంకా ఇసుక వెయ్యి, ఇంకా వెయ్యి అని తరిమేవాడట. ఈ రోజు ప్రపంచంలో ఏ మంచి గోల్ఫ్ మైదానానికి వెళ్లినా గ్రీన్ల మీద ఇసుక పలచగా చల్లుతూనే ఉంటారు. ఆ ఆదివారం నేను చూస్తుండగా ఇద్దరు పనివాళ్లు బకెట్లు పట్టుకుని, కర్ర దెబ్బలకు గడ్డి లేచిపోయిన ఒక్కొక్క చోటా వంగి, ఇసుకా విత్తనమూ కలిపిన పొడిని గుప్పెటతో పోసి, అరికాలితో మెల్లగా అదిమి ముందుకు జరుగుతున్నారు. వరిమడిలో ఊడిన చోట మళ్లీ నారు గుచ్చినట్టే ఉంది ఆ వంగడం.

గోల్ఫ్ బాగా తెలిసిన నా మిత్రుడొకడు ఈ వాదన విని గట్టిగా అడ్డం తిరిగాడు. మైదానాలు చూసుకున్నవాళ్లు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు, వాళ్లెవరి పేరూ మనకు తెలియదు, టామ్ పేరు తెలియడానికి కారణం గెలుపులే కదా అన్నాడు. నిజమే. ఆ నాలుగు గెలుపులు లేకపోతే నేనూ ఆ పేరు వినేవాణ్ని కాదు. కానీ అది మన జ్ఞాపకశక్తిలోని లోపాన్ని చెబుతుంది గానీ ఆయన విలువ ఎక్కడుందో చెప్పదు. బెల్టు గెలిచినవాడు చేసిన పని కాబట్టి ఇసుక చల్లడం గురించి ఎవరో ఒకరు రాసి ఉంచారు. పేరు లేనివాడు కనిపెట్టి ఉంటే అది ఊరికే వాడకంలో కలిసిపోయేది. టామ్ ఆ మరుగున పడిన వారందరి తరఫున మనకు మిగిలిన ఒక్క సాక్షి.

మిత్రుడి రెండో మాట మరింత బలమైనది. టామ్ ఎన్నడూ తిరగబడలేదు, పెద్దమనుషుల ముందు టోపీ తీసి వినయంగా నిలబడ్డాడు, తన స్థితితో తృప్తిగా ఉన్నాడు, మరి అతని తరఫున నీకెందుకు కోపం అన్నాడు. దీనికి నా దగ్గర చప్పున జవాబు లేకపోయింది. ఆయనకు నిజంగా కోపం లేకపోవచ్చు. ఫెయిర్లీ మీద ఎంత గౌరవమంటే ఒక కొడుకుకు ఆ పేరే కలిపి జేమ్స్ ఓగిల్వీ ఫెయిర్లీ మోరిస్ అని పెట్టుకున్నాడు. మా తాతగారు కూడా షావుకారును పల్లెత్తు మాట అనలేదు. అంత మాత్రాన మజూరీ సరిపోయిందని అర్థం కాదు. ఇచ్చినదానితో బతకడం నేర్చిన మనిషి మంచితనాన్ని చూపించి ఆ లెక్క న్యాయమైనదని తేల్చకూడదు. వృత్తి ఆటగాళ్లు సంఘంగా కూడడానికి 1901 దాకా పట్టింది. అప్పటికి టామ్‌కు 80 ఏళ్లు.

కొడుకు టామీ తీరు వేరు. తండ్రి తన ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, 1851లో, కన్న ఈ కొడుకు ఎయిర్ అకాడమీలో పెద్దింటి పిల్లలతో కలిసి చదివాడు. 17 ఏళ్లకే, 1868లో, ఓపెన్ గెలిచాడు. వరసగా మూడేళ్లు గెలవడంతో నియమం ప్రకారం బెల్టు అతని సొంతమైంది. ఇవ్వడానికి బెల్టు లేక 1871లో పోటీయే జరగలేదు. మరుసటి ఏడాది మళ్లీ అతనే గెలిచాడు. బెల్టుకు బదులు ఇప్పుడు విజేతకు ఇచ్చే వెండి కూజా మీద చెక్కిన మొదటి పేరు అతనిదే. 1869లో రెండో స్థానం తండ్రిది. ఆట ఆడి బతకడమే జీవనంగా చేసుకోవచ్చని చూపిన తొలి తరం అతనితో మొదలైంది.

1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెరిక్‌లో పార్క్ సోదరులతో పందెం ఆడుతున్నారు. టామీ భార్య మార్గరెట్‌కు నెలలు నిండాయి. కాన్పు కష్టమైందని ఆట చివరలో తంతి వచ్చింది. రైలు కోసం ఆగే వ్యవధి లేక ఒక పెద్దమనిషి పడవలో ఫోర్త్ సముద్రశాఖ దాటారు. ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. ఆ చలికాలంలో మంచు కురుస్తుండగా టామీ మరో పందెం ఆడాడు, కాసినవారి కోసం. క్రిస్మస్ నాటి ఉదయం నిద్రలోనే పోయాడు. వయసు 24. గుండె పగిలి చచ్చిపోయాడని జనం అంటుంటే, దిగులుతో మనిషి పోయేటట్టైతే తాను మాత్రం ఉండేవాడినా అన్నాడట టామ్. పెద్దాయన మాటల్లో నాకు బాగా తెలిసినవి ఈ రెండే: ఒకటి నేలకు విశ్రాంతి కావాలన్నది, రెండోది ఇది.

మరుసటి ఏడాది టామ్ భార్య పోయింది. ఆయన పని చేస్తూనే ఉన్నాడు. దేశమంతా తిరిగి మైదానాలు వేశాడు: డార్నక్, మ్యూర్‌ఫీల్డ్, మక్రిహానిష్, ఐర్లండులో లహించ్. రోజుకు ఒక పౌండు, దారి ఖర్చులు. 1889లో రాయల్ కౌంటీ డౌన్ మైదానం వేసినందుకు పుచ్చుకున్నది 4 గినీలు, అంటే నాలుగు పౌండ్లకు కాస్త ఎక్కువ. ప్రపంచంలోని మేటి మైదానాలలో ఒకటిగా దాన్ని లెక్కించే నేటివారు ఆ 4 గినీల సంగతి కూడా చెప్పాలి. డొనాల్డ్ రాస్ అనే కుర్రవాడు ఆయన దగ్గర పని నేర్చుకుని అమెరికా వెళ్లి పైన్‌హర్స్ట్ మైదానాలు వేశాడు. రాబర్ట్‌సన్ వంటింట్లో మొదలైన గురుశిష్య పరంపర అలా సముద్రం దాటింది.

1903లో ఉద్యోగం వదిలాక క్లబ్బు ఆయన జీతం ఆపలేదు. ఆయన బొమ్మ గీయించి గోడకు పెట్టింది, పద్దెనిమిదో గుంటకు ఆయన పేరు పెట్టింది. అది మంచి పనే, కాదనను. 1908 మే నెలలో, 86వ ఏట, మెట్ల మీంచి పడి ఆయన పోయే నాటికి పిల్లల్లో ఒక్కరూ బతికి లేరు.

పద్దెనిమిదో గ్రీన్‌కు ఎదురుగా ఆయన దుకాణం ఇప్పటికీ ఉంది. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆయన చివరి కొడుకు జాక్ గురించి చదివింది అప్పుడు గుర్తొచ్చింది. జాక్‌కు పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. చక్రాలు బిగించిన పలక మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ తిరిగేవాడు. తండ్రి మైదానంలో, అన్న పందేలలో ఉండగా అతను దుకాణంలో కూర్చుని బంతులను నున్నగా చేసి పూర్తిచేసేవాడు. 1893లో పోయాడు. అన్న సమాధి మీద 60 గోల్ఫ్ సంఘాల చందాలతో నిలిపిన పెద్ద శిల్పం ఉంది. ఆ దుకాణం సరుకు మీద పడిన ముద్ర ‘టి. మోరిస్’ అని. తండ్రి విషయంలో నేను ఇంతసేపు వాదించినదంతా జాక్‌కు మరింతగా వర్తిస్తుంది. వేలంపాటలలో ఈ రోజు వేల పౌండ్లు పలికే ఆ పాత బంతులలో ఏవేవి అతని ఒళ్లో ఆరినవో చెప్పగలిగినవాళ్లు లేరు.